ఎఫ్ఎం రేడియోలో వార్తలు ఎందుకు ఉండవు? కత్తెర అవసరం లేని సెన్సార్‌షిప్ గురించి

మీరు అడిగింది ఇది: "పత్రికలో రాయొచ్చు, టీవీలో రోజంతా చర్చలు పెట్టొచ్చు, యూట్యూబ్‌లో ఎవరైనా మాట్లాడొచ్చు. ప్రైవేటు ఎఫ్ఎంలో, కమ్యూనిటీ రేడియోలో మాత్రం వార్తలు చెప్పకూడదట. ఇది సెన్సార్‌షిప్ కాదా? రాజ్యాంగం దీన్ని ఒప్పుకుంటుందా? నా జర్నలిజం ప్రాజెక్టుకి ఇదే అంశం తీసుకుందామనుకుంటున్నాను."

పదకొండేళ్లు ఒక కమ్యూనిటీ రేడియోలో, అంటే ఓ ప్రాంతంవాళ్ల కోసం లాభాపేక్ష లేకుండా నడిచే చిన్న స్టేషన్లో, కార్యక్రమాలు చూసుకున్నవాణ్ణి కాబట్టి కొంచెం వివరంగానే చెబుతాను. స్టేషన్ పేరు మాత్రం రాయను. అక్కడ ఇంకా పనిచేస్తున్నవాళ్లున్నారు.

అవును, అది సెన్సార్‌షిప్పే. కానీ మీరు ఊహించుకుంటున్నట్టు ఓ అధికారి కూర్చుని మాట మాటా వింటూ కత్తిరించడం ఉండదు. ఆ పని మాచేత మేమే చేయించుకునేలా లైసెన్సు రాసి ఉంటుంది. అదెలాగో మా స్టేషన్లో జరిగిన ఒక్క సంగతితో చెబితే తేలిగ్గా అర్థమవుతుంది.

ఒక ఖరీఫ్‌లో కాలువ చివరి ఆయకట్టు ఊళ్లో రికార్డింగ్‌కి వెళ్లాం. డెబ్బై దాటిన రైతు ఒకాయన మైకు ముందు చక్కగా మాట్లాడాడు. ముందు తన దగ్గరున్న పాత రకం వరి విత్తనం గురించి, దాన్ని కుండలో వేపాకు వేసి ఎలా దాచుకుంటాడో చెప్పాడు. తర్వాత గొంతు మారింది. "నీళ్లు వదిలామని మీ రేడియోలోనే చెప్పారు నాయనా. మా మడికి చుక్క రాలేదు. పైన తూములు ఎవరు ఎత్తారో, ఎవరు చెబితే ఎత్తారో ఊరందరికీ తెలుసు. అడిగేవాడే లేడు." మొత్తం ఆరు నిమిషాలు.

ఫలానా తేదీన కాలువకు నీళ్లు వదులుతారు అని నీటిపారుదల శాఖ ఇచ్చిన ప్రకటన మేం చదవొచ్చు. నిబంధనల్లో దానికి చోటుంది. కరెంటు, నీటి సరఫరా, ప్రకృతి వైపరీత్యాలు, ఆరోగ్య హెచ్చరికలు లాంటివి స్థానిక అధికారులు ఇస్తే ఇచ్చినట్టు ప్రసారం చేయొచ్చు. అదే నీళ్లు రాలేదని, ఎందుకు రాలేదని రైతు అడిగితే? అది "వార్తలు, వర్తమాన వ్యవహారాలు" కిందికి వచ్చేస్తుందేమోనని భయం. మా మేనేజ్‌మెంట్‌లో ఒకరు ఫోన్ చేసి, "ఎందుకొచ్చిన గొడవండీ, లైసెన్సు మీదికి వస్తే ఎవరు సమాధానం చెప్తారు?" అన్నారు. ఎడిటింగ్ నేనే చేశాను. విత్తనాల ముక్క ఉంచి, నీళ్ల ముక్క తీసేశాను. మరుసటి వారం ఆ పెద్దాయన బస్సెక్కి స్టేషన్‌కి వచ్చాడు. "నేను చెప్పింది సగమే వచ్చిందేంది నాయనా?" అని అడిగాడు. ఆయనకి ఏం చెప్పానో ఇక్కడ రాయలేను. సరైన సమాధానం నా దగ్గర లేదు, ఇప్పటికీ లేదు.

ఆ పదకొండేళ్లలో ఢిల్లీ నుంచి మాకు ఒక్క షోకాజ్ నోటీసు రాలేదు. రావాల్సిన అవసరం లేకుండా మేమే చూసుకున్నాం. మీ ప్రాజెక్టులో ఎంతమందికి నోటీసులొచ్చాయని లెక్క తీస్తే చాలా తక్కువ కనబడి, ఇక్కడ సమస్యే లేదనిపిస్తుంది. ఆ లెక్కను నమ్మకండి. ప్రసారం కాకుండా ఆగిపోయిన మాటలు ఏ ఫైల్లోనూ ఉండవు.

ఇప్పుడు దీని వేరు ఎక్కడుందో చూద్దాం. పత్రికకీ రేడియోకీ తేడా మొదటినుంచీ ఉంది. ప్రెస్సు పెట్టుకోవాలంటే 2024 దాకా మేజిస్ట్రేటు దగ్గర డిక్లరేషన్ ఇస్తే సరిపోయేది. గాలిలోకి తరంగం వదలాలంటే మాత్రం ప్రభుత్వం అనుమతి కావాలి. ఇందుకు ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం, 4వ సెక్షన్. రేడియో ప్రసారం అనేదే లేని రోజుల్లో తీగల కోసం రాసిన చట్టం, ఆ తర్వాత వందేళ్లకు పైగా ఈ దేశంలో ఎవరు మాట్లాడొచ్చో నిర్ణయించింది. 1933లో వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం వచ్చాక వినడానికి కూడా లైసెన్సే. మా నాన్న ఏటా పోస్టాఫీసుకెళ్లి రేడియో లైసెన్సు పుస్తకంలో ముద్ర వేయించుకొచ్చేవాడు. మీ తాతగారి ట్రంకుపెట్టెలో వెతకండి, ఒకటి దొరకొచ్చు. 1980ల మధ్య దాకా అది ఉండేది. ఇప్పుడు 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. అనుమతి ఇచ్చే అధికారం మాత్రం కేంద్రం చేతిలోంచి కదల్లేదు.

బ్రిటిష్ వాళ్లకి రేడియో అంటే ఎంత భయమో 1942లో తెలిసింది. క్విట్ ఇండియా రోజుల్లో పత్రికల నోళ్లు మూయించాక, ఉషా మెహతా, ఆమె మిత్రులు బొంబాయిలో రహస్యంగా కాంగ్రెస్ రేడియో నడిపారు. ఆగస్టు 27న మొదలై, 42.34 మీటర్ల మీద, చోటు మార్చుకుంటూ, నవంబర్ 12న పోలీసులు తలుపులు పగలగొట్టేదాకా నడిచింది. మూడు నెలలైనా నిండలేదు. ఆమెకు నాలుగేళ్ల జైలు పడింది. లైసెన్సు లేకుండా ప్రసారం చేయడం ఆ కేసులో ఒక నేరం. స్వాతంత్ర్యం వచ్చాక, ఆ రేడియోను గర్వంగా తలుచుకున్న నాయకులే అదే చట్టాన్ని అలాగే ఉంచుకున్నారు. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం.

ఆ తర్వాతి చరిత్రలో పార్టీ ఏదైనా తీరు ఒక్కటే. 1952లో సమాచార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కి సినిమా పాటలంటే చులకన. ఆకాశవాణిలో వాటిని అణిచేశారు. జనం ఏం చేశారు? సిలోన్ (ఇప్పటి శ్రీలంక) రేడియో తిప్పుకున్నారు. మన పెద్దవాళ్లు తెలుగు సినిమా పాటల కోసం కూడా సిలోన్ స్టేషన్ పట్టుకునేవాళ్లు. చివరికి 1957 అక్టోబర్ 3న వివిధ భారతి పెట్టక తప్పలేదు. ఎమర్జెన్సీలో కిశోర్ కుమార్ కాంగ్రెస్ ప్రచార కార్యక్రమంలో పాడనన్నందుకు 1976లో ఆయన పాటలు ఆకాశవాణిలో, దూరదర్శన్‌లో ఆపేశారు. ఆ సంగతి తర్వాత, ఎమర్జెన్సీ అక్రమాల మీద విచారణ జరిపిన షా కమిషన్ ముందుకొచ్చింది. ఎమర్జెన్సీ మొదలైన రెండు మూడు రోజుల్లోనే సమాచార శాఖ ఇందర్ కుమార్ గుజ్రాల్ చేతిలోంచి విద్యాచరణ్ శుక్లా చేతిలోకి పోయింది. అప్పుడు నిజం తెలుసుకోవాలనుకున్నవాళ్లు రాత్రిళ్లు తలుపులేసుకుని బీబీసీ విన్నారు.

ఒక్క మాట ఇక్కడ చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆకాశవాణి మన భాషకు, సంగీతానికి, వ్యవసాయానికి చేసిన సేవ చిన్నది కాదు. నేను మాట పలకడం నేర్చుకున్నదే విజయవాడ, హైదరాబాద్ కేంద్రాలు వింటూ. నా ఫిర్యాదు అక్కడ పనిచేసిన కళాకారుల మీద కాదు. వాళ్ల మెడ మీద ఎప్పుడూ ఉండే చేతి మీద.

ఆ చేతికి పేరు ఆకాశవాణి కోడ్. 1960ల చివర్లో రూపుదిద్దుకుంది. మిత్రదేశాల మీద విమర్శ వద్దు, మతాల మీద, వర్గాల మీద దాడి వద్దు, హింసను రెచ్చగొట్టొద్దు, కోర్టు ధిక్కారం వద్దు. ఇంతవరకు చాలామందికి పేచీ ఉండదు. తర్వాత వచ్చేవి చూడండి: ఏ రాజకీయ పార్టీనీ పేరుపెట్టి దాడి చేయకూడదు, కేంద్రం మీద గానీ ఏ రాష్ట్రం మీద గానీ శత్రుపూర్వక విమర్శ చేయకూడదు. "శత్రుపూర్వక" అంటే ఎంత? కొలబద్ద లేదు. కొలిచేది ఎప్పుడూ ప్రభుత్వ ఉద్యోగే. మీరు ప్రైవేటు ఎఫ్ఎం పెట్టినా, కమ్యూనిటీ రేడియో పెట్టినా ఇదే కోడ్ పాటిస్తామని సంతకం పెట్టాలి.

ఇదెలా పనిచేస్తుందో రెండు ఘటనలు చూడండి. 2017 ఆగస్టు 15కి అప్పటి త్రిపుర ముఖ్యమంత్రి మాణిక్ సర్కార్ ప్రసంగాన్ని ఆకాశవాణి, దూరదర్శన్ ముందే రికార్డు చేశాయి. మార్చితే తప్ప ప్రసారం చేయలేమని ఆయనకు చెప్పారు. ఆయన ఒక్క మాట మార్చనన్నారు. ప్రసారం కాలేదు. ఎన్నికైన ముఖ్యమంత్రి, తన రాష్ట్ర ప్రజలతో, స్వాతంత్ర్య దినోత్సవం రోజున మాట్లాడలేకపోయాడు. రెండోది 2024 లోక్‌సభ ఎన్నికలప్పటిది. ప్రభుత్వ రేడియో, టీవీల్లో పార్టీలకిచ్చే ఉచిత సమయంలో సీపీఎం నాయకుడు సీతారాం ఏచూరి ప్రసంగం నుంచి కొన్ని మాటలు తీయమన్నారు. మతతత్వ నిరంకుశ పాలన అన్న మాట, క్రూర చట్టాలు అన్న మాట వద్దన్నారు. పాలన "దివాళా" తీసిందంటే "వైఫల్యం" అనమన్నారు. అదే ప్రసంగం హిందీ అనువాదంలో వాళ్లకి తప్పేమీ కనబడలేదని ఆయనే చెప్పారు. ఫార్వర్డ్ బ్లాక్ నాయకుడు జి. దేవరాజన్‌ని "ముస్లింలు" అనే పదమే తీసేయమన్నారు. ఎన్నికల సంఘం మార్గదర్శకాల ప్రకారమే చేశామన్నది అధికారుల జవాబు. ఏచూరి రాజకీయాలు మీకు నచ్చొచ్చు, నచ్చకపోవచ్చు. ప్రతిపక్ష నాయకుడు ఎన్నికల ప్రసంగంలో పాలనను దివాళా అనొచ్చా లేదా అన్నది ప్రభుత్వ రేడియో తేల్చడమేమిటి? ఓటరు తేల్చుకోడా?

ఇక రాజ్యాంగం. ఇక్కడ మీరు తప్పనిసరిగా చదవాల్సింది 1995 ఫిబ్రవరి 9 నాటి సుప్రీంకోర్టు తీర్పు, క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసు. 1993 హీరో కప్ మ్యాచ్‌ల ప్రసారం మీద దూరదర్శన్‌కీ క్రికెట్ సంఘానికీ వచ్చిన తగాదా అది. క్రికెట్‌తో మొదలై మన దేశంలో ప్రసార స్వేచ్ఛకు పునాదిరాయి అయింది. వాయుతరంగాలు ప్రజల ఆస్తి, వాటిని ప్రభుత్వ గుత్తాధిపత్యం నుంచి తీసి స్వతంత్ర సంస్థకు అప్పగించాలి అని కోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో మన తెలుగువారు, జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఉన్నారు. ఆయన విడిగా రాసిన భాగాన్ని నేను మూడు నాలుగుసార్లు చదివాను. ప్రభుత్వ నియంత్రణ అంటే చివరికి ఆ సమయానికి అధికారంలో ఉన్న పార్టీ నియంత్రణే, దాంతో వార్తలకూ అభిప్రాయాలకూ రంగు పడక తప్పదు అన్నారు. అక్కడితో ఆగలేదు. స్టేషన్ పెట్టుకోవడం, భావ ప్రకటన స్వేచ్ఛ ఇచ్చే రాజ్యాంగంలోని 19(1)(ఎ) కింద ఎవరికీ దానంతట అది వచ్చే హక్కు కాదనీ, ప్రసారాన్ని మార్కెట్‌కి వదిలేసినా ప్రమాదమేననీ రాశారు. సగం చదివి దాన్ని ప్రైవేటు ఛానళ్లకు విజయమని రాసేవాళ్లు చాలామంది. మీరు మొత్తం చదవండి.

దీనికి మూడేళ్ల ముందే, 1992లో, ఇంకో తీర్పు ఉంది. భోపాల్ విషవాయు దుర్ఘటన మీద తీసిన డాక్యుమెంటరీని దూరదర్శన్ వేయనంటే, ప్రభుత్వాన్ని విమర్శించిందన్న కారణంతో ఆపడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పింది. పత్రికల మీద ముందస్తు సెన్సార్ చెల్లదని 1950లోనే తేలింది. ఆ స్వేచ్ఛకు హద్దులు పెట్టడానికి 19(2)లో రాసిన కారణాలు కొన్నే: దేశ భద్రత, శాంతిభద్రతలు, పరువునష్టం, కోర్టు ధిక్కారం, నేరానికి ప్రేరేపించడం లాంటివి. "వార్తలు" అన్నది ఆ జాబితాలో లేదు. ఒక మాధ్యమం మొత్తానికి, వార్త అనే ప్రక్రియనే నిషేధించడం ఆ చట్రంలో ఎలా ఇముడుతుందో నాకు అర్థం కాదు.

కానీ 1995 తీర్పు తర్వాత జరిగింది వేరు. ఆకాశవాణి, దూరదర్శన్‌లను నడిపే స్వతంత్ర సంస్థగా ప్రసార భారతి 1997లో అమల్లోకి వచ్చింది, డబ్బు మాత్రం ప్రభుత్వం దగ్గరినుంచే. ప్రైవేటు ఎఫ్ఎం 2001లో బెంగళూరుతో మొదలైంది, వార్తలు లేకుండా. ప్రైవేటు ఎఫ్ఎం లైసెన్సుల మీద 2011లో వచ్చిన మూడో దశ విధానంలో ఒక సడలింపు ఇచ్చారు: ఆకాశవాణి వార్తలను ఒక్క మాటా మార్చకుండా వేసుకోవచ్చు. క్రీడల సమాచారం, ట్రాఫిక్, వాతావరణం, పరీక్షల ఫలితాలు, ఉద్యోగాలు చెప్పొచ్చు. 2019 జనవరిలో ఆ వార్తలను ఉచితంగా ఇచ్చారు. అంటే ప్రైవేటు రేడియోలో వినబడే వార్త కూడా ప్రభుత్వం వండిందే. టెలికాం, ప్రసార రంగాల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో గంటకు పది నిమిషాలు వార్తలకు అనుమతించమని సిఫార్సు చేసింది. దేశంలో అనుమతి ఉన్న టీవీ ఛానళ్లు 900 దాకా ఉంటే, అందులో 400కు దగ్గరగా వార్తా ఛానళ్లు. అక్కడ తెల్లవార్లూ అరుచుకోవచ్చు, ఇక్కడ పది నిమిషాలకు ఇంత ఆలోచన!

ప్రభుత్వం చెప్పే కారణం భద్రత. కామన్ కాజ్ సంస్థ 2013లో వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యంలో కేంద్రం వాదన ఇదీ: ఇన్ని చిన్న స్టేషన్ల వార్తలను పర్యవేక్షించే యంత్రాంగం లేదు, దేశవ్యతిరేక శక్తులు వాడుకోవచ్చు. ఈ వాదన నాకు ఎందుకు నిలబడదనిపిస్తుందో పనిచేసినవాడిగా చెబుతాను. కమ్యూనిటీ రేడియోకి లైసెన్సు రావాలంటే సంస్థ రిజిస్టరై మూడేళ్లు నిండాలి, హోం శాఖ, రక్షణ శాఖ పరిశీలించాలి, ఫ్రీక్వెన్సీకి వేరే అనుమతి. రాజకీయ పార్టీలకు, వ్యక్తులకు, లాభాల సంస్థలకు ఇవ్వరు. ట్రాన్స్‌మిటర్ శక్తి మామూలుగా 100 వాట్లు, యాంటెన్నా 30 మీటర్లకు మించదు. మహా అయితే పది పదిహేను కిలోమీటర్లు. వేసిన ప్రతి కార్యక్రమం రికార్డింగ్ మూడు నెలలు దాచి, అడిగితే ఇవ్వాలి. చిరునామా తెలుసు, టవర్ కనబడుతూనే ఉంటుంది, మాట్లాడినవాళ్లు పక్క వీధివాళ్లే. ఇంతకన్నా పట్టుకోవడానికి తేలికైన మాధ్యమం ఉందా? ఊరూ పేరూ లేని వాట్సాప్ ఫార్వర్డ్‌ను ఆపలేనివాళ్లు, ఊరి మధ్య నిలబడ్డ టవర్‌ని అనుమానిస్తున్నారు.

రువాండా సంగతి అడుగుతారని తెలుసు. ఆ ఆఫ్రికా దేశంలో 1994లో ఆర్‌టీఎల్ఎం అనే రేడియో స్టేషన్ టుట్సీ జాతివాళ్లను బొద్దింకలని పిలుస్తూ, చంపమని ఉసిగొల్పింది. దాని వ్యవస్థాపకుల్లో ఇద్దరికి 2003లో అంతర్జాతీయ ట్రిబ్యునల్ శిక్ష వేసింది. రేడియో చేతిలో ఎంత శక్తి ఉందో ఆ కథ విన్నాక నేను తేలిగ్గా మాట్లాడలేను. కానీ ఆ స్టేషన్ ప్రభుత్వ పెద్దల అండతో నడిచింది. అది చేసింది వార్తలు చెప్పడం కాదు, హత్యలకు పురమాయించడం. అలాంటిదానికి మన చట్టాల్లో శిక్షలున్నాయి, ఉండాలి కూడా. వాటిని చూపించి, కాలువ నీళ్లు రాలేదని చెప్పిన రైతు నోరు ముందే కట్టేయడం న్యాయం కాదు.

మీ ప్రాజెక్టుకి అసలైన ఉదాహరణ మన దగ్గరే ఉంది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూరు, ఇప్పటి సంగారెడ్డి జిల్లా. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు 1998 నాటికే యునెస్కో సాయంతో స్టూడియో కట్టుకుని, రికార్డింగ్ నేర్చుకుని, కార్యక్రమాలు చేయడం మొదలుపెట్టారు. లైసెన్సు లేదు. ఇస్తామన్నవాళ్లూ లేరు. మరి ఆ కార్యక్రమాలు ఏమయ్యాయి? క్యాసెట్లలో పట్టుకెళ్లి ఊరూరా సంఘం మీటింగుల్లో టేప్‌రికార్డర్ పెట్టి వినిపించారు. ఏడాదీ రెండేళ్లూ కాదు, పదేళ్లు. 2002లో అనుమతి తెరిచారు, చదువు సంస్థలకు మాత్రమే. 2006 నవంబర్‌లో స్వచ్ఛంద సంస్థలకూ ఇచ్చారు. చివరికి 2008 అక్టోబర్ 15న సంఘం రేడియో గాల్లోకి వచ్చింది.

నేను అక్కడికి వెళ్లినప్పుడు నన్ను నిలబెట్టేసింది భాష. కొర్రలు, సామలు, తైదలు, విత్తనం దాచడం, మందు చెట్లు, బోనాల పాటలు, అన్నీ వాళ్ల మాటలోనే. జహీరాబాద్ వైపు తెలుగు, అందులో కన్నడం, ఉర్దూ కలిసిన యాస. పెద్ద స్టేషన్లలో ఆ యాసను నాటకాల్లో నవ్వించడానికి వాడిన రోజులున్నాయి. ఇక్కడ అదే అనౌన్సర్ భాష. భావ ప్రకటన స్వేచ్ఛ అంటే ప్రభుత్వాన్ని తిట్టే హక్కు అని మాత్రమే మనం అనుకుంటాం. తన యాసలో తన సంగతి తాను చెప్పుకుంటే పదూళ్లు వినడం కూడా అందులో భాగమేనని నాకు అక్కడ అర్థమైంది. ఆ మహిళలకు కూడా వార్తల నిషేధం వర్తిస్తుంది. పంట గురించి చెప్పొచ్చు, పంట ఎండిపోవడానికి కారణమైన నిర్ణయం గురించి చెప్పాలంటే ఆలోచించుకోవాలి.

"ఇంటర్నెట్ రేడియో పెట్టుకోవచ్చుగా?" అని మీ తరం అడుగుతుంది. పెట్టుకోవచ్చు, ఈ ప్రసార లైసెన్సు అక్కర్లేదు. కానీ వార్తలు చెబితే 2021 ఐటీ నిబంధనలు చూసుకోవాలి. అంతకన్నా, నేను చెప్పిన పెద్దాయన చేతిలో ఉన్నది బటన్ ఫోన్. దాంట్లో ఎఫ్ఎం వస్తుంది, డేటా ఉండదు.

ప్రాజెక్టు పని మొదలుపెట్టేటప్పుడు మూడు స్టేషన్లకు వెళ్లండి: ఒక ఆకాశవాణి కేంద్రం, ఒక ప్రైవేటు ఎఫ్ఎం, ఒక కమ్యూనిటీ రేడియో. "మీకు నోటీసు వచ్చిందా" అని అడగకండి. "ఈ నెలలో రికార్డు చేసి వేయనిది ఏమైనా ఉందా, ఎందుకు వేయలేదు" అని అడగండి. మొదట ఎవరూ చెప్పరు. రెండోసారి, టీ తాగుతూ, మైకు ఆపేసి అడగండి. మా స్టేషన్‌కి వస్తే, ఆ ఆరు నిమిషాల ఫైలు ఇంకా హార్డ్ డిస్కులోనే ఉండాలి. "వరి విత్తనం, ఫుల్" అని పేరు పెట్టాను.